నలుగురి చేతులు పడే పుస్తకానికి షేర్డ్ ఫోల్డర్లు అమర్చుకోవడం ఎలా

విజయవాడ ఏలూరు రోడ్డు చుట్టుపక్కల గైడ్లు, బిట్ బ్యాంకులు, స్టడీ మెటీరియల్ వేసే ఏ చిన్న ప్రచురణ కార్యాలయాన్ని చూసినా పని జరిగే తీరు దాదాపు ఒక్కటే. మేటరు రాసే లెక్చరరు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, కంపోజ్ చేసేది ఒకరు, పేజీలు కట్టేది ఇంకొకరు, బొమ్మలు గీసేది మరొకరు, ప్రూఫులు చూసేది ఇద్దరు, ప్రెస్సుకు పంపేది మేనేజరు. ఇంతమంది కలిసి చేస్తున్న పుస్తకం మాత్రం ఎవరో ఒక ఆపరేటరు డెస్క్‌టాప్ మీద "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "సార్ చూసిన ఫైనల్" అనే పేర్లతో పడి ఉంటుంది. ఆ ఆపరేటరు సెలవు పెట్టిన రోజున పుస్తకం కూడా సెలవు పెట్టినట్టే.

పేజీలు కట్టే ఇన్‌డిజైన్, ఫ్రేమ్‌మేకర్, పాఠం దిద్దే ఇన్‌కాపీ, వర్డ్ వంటి సాఫ్ట్‌వేర్లతో ఐదుగురి నుంచి ఇరవై మంది దాకా ఒకే నెట్‌వర్కులో కూర్చుని డాక్యుమెంట్లు తయారుచేసే కార్యాలయం కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. ఉదాహరణగా పద్నాలుగు అధ్యాయాల ఇంటర్మీడియట్ ఫిజిక్స్ మెటీరియల్‌ను తీసుకుంటాను. మంగళగిరి వైపు ఐటీ కార్యాలయాల్లో ఇంగ్లీషు మాన్యువళ్లు రాసేవారికి కూడా ఇందులో మారేది సాఫ్ట్‌వేర్ పేరే గాని పద్ధతి కాదు.

కదలని ఫైళ్లు ఏవో ముందు తేల్చుకోండి

ఒక్క ఫోల్డరు కూడా తయారుచేయక ముందే ఒక కాగితం తీసుకుని, మీ పుస్తకానికి సంబంధించిన ఫైళ్లన్నిటినీ రెండు వరుసలుగా రాయండి. మరో ఫైలు దారి పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేవి మొదటి వరుసలోకి, మనుషులు తప్ప ఇంకే ఫైలూ వెతకనివి రెండో వరుసలోకి వస్తాయి. ఫోల్డర్ల అమరికలో వచ్చే చిక్కులు చాలావరకు ఈ రెండింటినీ ఒకే రకంగా చూడడం వల్లే వస్తాయని నా అభిప్రాయం.

ఇన్‌డిజైన్ పేజీలో లింకుగా పెట్టిన బొమ్మ పూర్తిగా ఆ పేజీలోకి వచ్చి చేరదు. తెర మీద చూపడానికి ఒక తక్కువ నాణ్యత ప్రతి, అసలు బొమ్మ ఏ డ్రైవులో ఏ ఫోల్డరులో ఏ పేరుతో ఉందో చెప్పే దారి, ఈ రెండే డాక్యుమెంటులో నిలుస్తాయి. అధ్యాయాలను ఒక పుస్తకంగా కలిపే బుక్ ఫైలు కూడా అంతే, అందులో ఉండేది అధ్యాయాల దారుల జాబితా. ఫ్రేమ్‌మేకర్‌లో ఒక అధ్యాయం నుంచి మరో అధ్యాయానికి ఇచ్చే క్రాస్ రిఫరెన్సులూ, వర్డ్ పేజీలో లింకు చేసిన ఎక్సెల్ పట్టికా ఈ వరుసలోకే వస్తాయి. ఇక రెండో వరుసలో లెక్చరరు పంపిన మేటరు, చేతిరాత స్కానులు, ప్రూఫు పీడీఎఫ్‌లు, కరెక్షన్ల కాగితాల ఫొటోలు ఉంటాయి.

చాలా కార్యాలయాల్లో "కంపోజింగ్", "ప్రూఫు", "ఫైనల్" అని మూడు ఫోల్డర్లు పెట్టి, అధ్యాయం ఒక దశ దాటగానే దాని లేఅవుట్ ఫైలునే తరువాతి ఫోల్డరులోకి లాగేస్తారు. పని ఎంతవరకు వచ్చిందో ఫోల్డరు చూడగానే తెలుస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు చూడముచ్చటగానే ఉంటుంది. అయితే అధ్యాయం కదిలిన మరుక్షణం బుక్ ఫైలుకు దాని ఆచూకీ తెలియదు, బొమ్మలను కదిపితే అధ్యాయానికి వాటి ఆచూకీ తెలియదు. హెచ్చరికను పట్టించుకోకుండా రాత్రి తొమ్మిదింటికి హడావుడిగా పీడీఎఫ్ తీసి ప్రెస్సుకు పంపితే, అసలు బొమ్మ దొరకని చోటల్లా ఆ తక్కువ నాణ్యత ప్రతే అచ్చుకు వెళుతుంది. కుంభాకార కటకం పటంలో కిరణాలు మెట్లు మెట్లుగా, "నాభి" అన్న చిన్న అక్షరాలు మసకగా కనిపించే పుస్తకాలు మీరు చూసే ఉంటారు. ఆ బొమ్మ గీసినవారి తప్పు అందులో సాధారణంగా ఏమీ ఉండదు.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి. లేఅవుట్ ఫైళ్లు, బొమ్మలు, బుక్ ఫైలు ఎక్కడ పుట్టాయో పుస్తకం అచ్చయ్యేదాకా అక్కడే ఉండాలి. మేటరు, ప్రూఫులు మాత్రం ఒక ఫోల్డరు నుంచి మరో ఫోల్డరుకు కదలవచ్చు. కదలని ఫైలు ఏ దశలో ఉందో ఫోల్డరు చెప్పలేదు కాబట్టి, ఆ సంగతి రిజిస్టరులో రాసుకోవాలి.

పుస్తకాన్ని అధ్యాయాలుగా విడగొట్టండి

మామూలు లాన్ (కార్యాలయం లోపలి నెట్‌వర్కు) ఫోల్డరులో ఉన్న ఫైలును ఒక సమయంలో ఒక్కరే మార్చగలరు. ఇద్దరు ఒకేసారి ఒకే వర్డ్ డాక్యుమెంటులో రాయడం, అది వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉన్నప్పుడే సాధ్యం, మీ సర్వరు ఫోల్డరులో ఉన్నప్పుడు కాదు. మూడు వందల పేజీల పుస్తకం ఒకే ఫైలుగా ఉంటే, ఐదో పేజీలో ఒక కామా దిద్దుతున్న మనిషి మిగిలిన ఐదుగురినీ ఖాళీగా కూర్చోబెట్టినట్టవుతుంది. అందువల్ల ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు, ముందు పేజీలకు ఒకటి, జవాబుల పట్టికకు ఒకటి పెట్టుకుని, అన్నిటినీ బుక్ ఫైలుతో కలపండి. పేజీ సంఖ్యలను, విషయసూచికను బుక్ ఫైలే చూసుకుంటుంది.

అధ్యాయం కన్నా చిన్న ముక్కలు చేయవద్దు. ప్రతి పాఠంలోని బిట్లను వేరు ఫైళ్లుగా పెట్టుకుంటే సౌకర్యంగా ఉంటుందనిపిస్తుంది గాని, అరవై ఫైళ్లలో శైలులను ఒకేలా ఉంచడం కన్నా పద్నాలుగింటిలో ఉంచడం సులభం. ఒకే అధ్యాయంలో పేజీలు కట్టే మనిషీ పాఠాన్ని దిద్దే మనిషీ ఒకేసారి పనిచేయవలసి వస్తే ఇన్‌కాపీ వాడండి. ఇన్‌డిజైన్‌లోని పాఠభాగాలు విడి ఫైళ్లుగా బయటికి వస్తాయి, ఎడిటరు తనకు కావలసిన భాగాన్ని చెక్ అవుట్ చేసుకుని దిద్ది తిరిగి చెక్ ఇన్ చేస్తారు. ఆ విడి ఫైళ్లు కూడా కదలని వరుసలోవేనని గుర్తుంచుకోవాలి.

ఫోల్డర్ల పటం

ఇక్కడ చదువుకోవడానికి వీలుగా ఫోల్డర్ల పేర్లను తెలుగులో ఇస్తున్నాను. కార్యాలయంలో వీటినే ఇంగ్లీషు అక్షరాలతో పెట్టుకోవడం ఎందుకు మేలో పేర్ల దగ్గర చెబుతాను.

పుస్తకాలు
— ఉమ్మడి (టెంప్లేట్లు, ఫాంట్లు, లోగోలు, శైలి నియమాలు)
— ఫిజిక్స్-1-2026
—— 00-రిజిస్టరు
—— 10-వచ్చిన-మేటరు
—— 20-ఎడిటింగ్
—— 30-పేజీలు
—— 40-బొమ్మలు
—— 50-ప్రూఫులు
—— 60-ప్రెస్సుకు

అంకెలను పదేసి చొప్పున వదలడం కావాలని చేసిందే. మధ్యలో ఎప్పుడైనా అనువాదం కోసమో ఆడియో కోసమో కొత్త ఫోల్డరు అవసరమైతే 25 అనో 45 అనో పెట్టుకోవచ్చు, పాతవాటి పేర్లు మార్చి లింకులు తెంచుకోవలసిన పని ఉండదు. బుక్ ఫైలు, అధ్యాయాల లేఅవుట్ ఫైళ్లు, ఇన్‌కాపీ వాడితే దాని పాఠభాగాలు 30లో ఉంటాయి. 40లో అధ్యాయానికో ఉపఫోల్డరు చాలు. బొమ్మ గీసిన సాఫ్ట్‌వేర్ అసలు ఫైలు, పేజీలో పెట్టడానికి తీసిన ఫైలు రెండూ అక్కడే పక్కపక్కన ఉండాలి. ఆర్టిస్టు తన కంప్యూటరులో అసలు ఫైలు దాచుకుని, తీసిన బొమ్మను మాత్రమే ఇవ్వడాన్ని ఒప్పుకోకండి. వచ్చే ఏడాది పునర్ముద్రణ సమయానికి ఆ ఆర్టిస్టు మీ దగ్గర ఉంటారని ఎవరూ హామీ ఇవ్వలేరు.

10-వచ్చిన-మేటరు ఫోల్డరులో ఏదీ దిద్దకూడదు. లెక్చరరు వాట్సాప్‌లో పంపిన ఫొటో అయినా, మెయిల్‌లో వచ్చిన వర్డ్ ఫైలైనా వచ్చింది వచ్చినట్టు, తేదీతో అక్కడ చేరాలి. దిద్దవలసినదాన్ని 20లోకి కాపీ చేసుకుని దిద్దాలి. "నేను రాసింది ఇది కాదు" అన్న మాట వచ్చినప్పుడు చూపించడానికి మీ దగ్గర మిగిలేది ఆ తాకని ప్రతి ఒక్కటే.

మనుషుల పేర్లతో ఫోల్డర్లు పెట్టవద్దు. మనిషి మారితే ఫోల్డరు అనాథ అవుతుంది, మనిషి ఉన్నంతకాలం అందులోకి మరొకరు తొంగిచూడడం మర్యాద కాదనిపిస్తుంది. ఈ రెండూ ఉమ్మడి పనికి పనికిరావు.

ఏ కంప్యూటరు మీద, ఏ దారిలో

విడిగా సర్వరు కొనే స్తోమత లేకపోతే ఎవరూ కూర్చుని పనిచేయని ఒక కంప్యూటరును ఇందుకు కేటాయించండి, లేదా చిన్న నాస్ పెట్టె (నెట్‌వర్కుకు నేరుగా తగిలించే డిస్కుల పెట్టె) తీసుకోండి. మామూలు విండోస్ 10, 11 ప్రో కంప్యూటరుకు ఒకేసారి 20 కనెక్షన్ల వరకే పరిమితి ఉంది, ఆ లోపు కార్యాలయానికి అది సరిపోతుంది. సర్వరుకూ లేఅవుట్ చేసే కంప్యూటర్లకూ వైఫై కాకుండా కేబులు వేయించండి. యూపీఎస్ తప్పనిసరి. ఫైలు సేవ్ అవుతుండగా కరెంటు పోవడం కన్నా పుస్తకానికి పెద్ద ప్రమాదం లేదు, మన ఎండాకాలపు సంగతి మీకు చెప్పనక్కరలేదు.

అందరి కంప్యూటర్లలోనూ ఆ షేర్‌కు, అంటే నెట్‌వర్కులో పంచిన ఫోల్డరుకు, ఒకే డ్రైవు అక్షరం ఇవ్వండి. ఒకరి దగ్గర జెడ్, మరొకరి దగ్గర వై అని ఉంటే, మొదటివారు పెట్టిన బొమ్మలు రెండోవారి తెర మీద కనబడకుండా పోవచ్చు. దారి డ్రైవు అక్షరంతో సహా నమోదవుతుంది గనుక ఫైలు అక్కడే ఉన్నా సాఫ్ట్‌వేర్ వెతికే చోట ఉండదు. కొత్త కంప్యూటరు కార్యాలయానికి వచ్చిన రోజున చేయవలసిన మొదటి పని ఈ అక్షరం సరిచూడడమే.

పాస్‌వర్డు లేకుండా అందరికీ తెరిచి ఉంచే గెస్ట్ షేర్లను మానుకోండి. విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షను వీటిని డిఫాల్టుగా ఒప్పుకోదు, ఎస్ఎంబీ సైనింగ్ (నెట్‌వర్కులో వచ్చే ప్రతి సందేశం మీద సంతకం సరిచూసే రక్షణ) కూడా అడుగుతుంది. కొత్త కంప్యూటరు కొనగానే పాత నాస్ తెరుచుకోవడం లేదని సర్వీసు వారిని పిలిచేవారిలో చాలామందికి కారణం ఇదే. ఆ రక్షణలను తీసేయించుకోవడం కన్నా ప్రతి ఒక్కరికీ ఒక యూజరు పేరు ఇవ్వడం మంచిది, ఎలాగూ అనుమతులు పెట్టడానికి అవి కావాలి.

అనుమతులు

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇది. విండోస్‌లో షేర్ అనుమతి ఒకటి, ఫోల్డరు మీద ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కు ఫైలు వ్యవస్థ) అనుమతి మరొకటి ఉంటాయి, నెట్‌వర్కు మీదుగా వచ్చే మనిషికి ఈ రెండింటిలో ఏది కఠినమైతే అదే వర్తిస్తుంది. రెండు చోట్లా వేరువేరుగా బిగిస్తూ పోతే ఎవరికి ఏది ఎందుకు తెరుచుకోవడం లేదో ఆరు నెలల తరువాత మీకే అర్థం కాదు. కాబట్టి షేర్ స్థాయిలో మీ సిబ్బందికంతటికీ మార్చే అనుమతి ఇచ్చి, అసలు కట్టుదిట్టాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ దగ్గరే చేయండి.

అనుమతులను మనుషులకు కాక బృందాలకు ఇవ్వండి. ఎడిటర్లు, ఆపరేటర్లు, ఆర్టిస్టులు, ప్రూఫు, నిర్వహణ అనే ఐదు బృందాలు ఈ పరిమాణానికి చాలు. ఆపరేటర్లు 30లో మార్చగలరు, 40ని చదవగలరు. ఆర్టిస్టులు 40లో మార్చగలరు. ప్రూఫు చూసేవారు 50లో మార్చగలరు, 30ని చదవగలరు అంతే. 60లో రాసే హక్కు నిర్వహణకు మాత్రమే. పుస్తకం పేరున్న పై ఫోల్డరులో, అంటే ఫిజిక్స్-1-2026 అనే చోట నేరుగా ఫైలు పెట్టే హక్కు నిర్వహణకు తప్ప ఎవరికీ ఇవ్వకండి. దిక్కుతోచని ఫైలు ప్రతిదీ మొదట వచ్చి పడేది అక్కడే.

ఎవరూ పొరపాటున ఏదీ తుడిచేయకూడదని కొందరు "డిలీట్" అనుమతిని మాత్రం తీసేసి మిగతావి ఉంచుతారు. ఉద్దేశం మంచిదే గాని ఇది పనిచేయదు. వర్డ్ ఒక ఫైలును సేవ్ చేసేటప్పుడు కొత్త ప్రతిని తాత్కాలిక పేరుతో రాసి, పాతదాన్ని తీసి, కొత్తదానికి అసలు పేరు పెడుతుంది. తీసే హక్కు లేని చోట ఆ వరుస మధ్యలో తెగి, సేవ్ కావడం లేదన్న సందేశమూ ఫోల్డరు నిండా తాత్కాలిక ఫైళ్లూ మిగులుతాయి. మార్చే పని ఉన్నవారికి మార్చే అనుమతి పూర్తిగా ఇవ్వండి. పొరపాటు నుంచి కాపాడవలసింది బ్యాకప్.

ఇంకో సూక్ష్మం ఉంది. ఒకే డ్రైవులో ఒక ఫోల్డరు నుంచి మరో ఫోల్డరులోకి ఫైలును లాగితే, అది పాత ఫోల్డరు అనుమతులనే వెంట తెచ్చుకోవచ్చు. కాపీ చేస్తే మాత్రం కొత్త ఫోల్డరు అనుమతులు వస్తాయి. 20 నుంచి కట్‌పేస్ట్ చేసిన ఫైలు, ప్రూఫు చూసేవారికి తెరుచుకోవడం లేదంటే సందేహించవలసింది దీన్నే. కదిలే ఫైళ్లను అప్పగించేటప్పుడు కాపీ చేసి, అవతలివారు తెరిచి చూశాక పాతదాన్ని తీసేయడం అలవాటు చేయండి.

పేర్లు

ఫైలు పేరు చూడగానే ఏ పుస్తకం, ఎన్నో అధ్యాయం, ఏమిటన్నది తెలియాలి. ఫిజిక్స్ మొదటి సంవత్సరం మూడో అధ్యాయం లేఅవుట్‌కు "పీహెచ్1-03-పేజీలు", అందులో నాలుగో బొమ్మకు "పీహెచ్1-03-బొమ్మ-04" అన్న వరుస సరిపోతుంది. ఒంటి అంకెల ముందు సున్నా ఉండాలి, లేకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లలో పదో అధ్యాయం రెండోదాని ముందుకు వచ్చి కూర్చుంటుంది. తేదీ రాయవలసి వస్తే సంవత్సరం, నెల, రోజు క్రమంలో 2026-01-09 అని రాయండి. అలా రాస్తే పేరు వరుసే కాలవరుస అవుతుంది.

లేఅవుట్ ఫైలు పేరులో వెర్షన్ సంఖ్య, "ఫైనల్" అనే మాట ఎప్పటికీ రాకూడదు. పేరు మారితే లింకు తెగుతుంది, అదీ గాక "ఫైనల్" అన్న ఫైలు ఉన్న చోట దాని తమ్ముడు ఒకడు పుట్టకుండా ఉండడు. వెర్షన్ సంఖ్యలన్నీ ప్రూఫు పీడీఎఫ్‌లకే ఉంచండి. పీహెచ్1-03-ప్రూఫు1, ప్రూఫు2 అని 50లో వరుసగా నిలిచిపోతాయి, దేనినీ చెరపనక్కరలేదు.

తెలుగు లిపిలో ఫైలు పేర్లు పెట్టుకోవచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. విండోస్‌కు అభ్యంతరం లేదు. అయితే 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 ఇప్పటికీ మన డీటీపీ కేంద్రాల్లో నడుస్తోంది, అన్ని లిపులకూ ఒకే సంకేతాలిచ్చే యూనికోడ్ దానికి తెలియదు. నాస్ పెట్టెల్లో చాలావరకు లినక్స్ మీద నడుస్తాయి, ఆ ఫైలు వ్యవస్థల్లో పేరుకు 255 బైట్ల పరిమితి సాధారణం. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తీసుకుంటాయి, అంటే 85 గుర్తులతో పేరు ముగిసిపోతుంది. "ఉష్ణోగ్రత" అనే చిన్న మాటకే ఇలాంటి గుర్తులు తొమ్మిది కావాలి. ఇది చాలదన్నట్టు పాత విండోస్ ప్రోగ్రాములు ఫైలు దారి మొత్తం 260 అక్షరాలు మించితే తెరవలేవు, కాబట్టి ఫోల్డర్ల లోతు కూడా నాలుగైదు మెట్లకు మించనీయకండి. లోపల ఉన్న పుస్తకం తెలుగులో ఉంటే చాలు, ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నందువల్ల ఎవరికీ నష్టం లేదు.

ఫాంట్ల సంగతి కూడా ఇక్కడే ముగిస్తాను. అను వంటి పాత పద్ధతి ఫాంట్లతో కంపోజ్ చేసిన మేటరు, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది. పుస్తకానికి వాడే ఫాంట్ల ఖచ్చితమైన ప్రతులను ఉమ్మడి ఫోల్డరులో ఉంచి, లైసెన్సు అనుమతించిన కంప్యూటర్లన్నిటిలో అక్కడి నుంచే వేయండి. ఒకే పేరున్న ఫాంటు రెండు వెర్షన్లలో ఉంటే వరుసలు జరిగి పేజీలు మారిపోతాయి.

తాళాలు, రిజిస్టరు

ఎవరైనా ఫైలు తెరవగానే సాఫ్ట్‌వేర్ ఆ పక్కనే ఒక చిన్న తాళం ఫైలును పెడుతుంది. వర్డ్ పెట్టేది టిల్డ, డాలరు గుర్తులతో మొదలయ్యే దాచిన ఫైలు. ఇన్‌డిజైన్‌ది ఐడీఎల్‌కే, ఫ్రేమ్‌మేకర్‌లో నెట్‌వర్క్ ఫైల్ లాకింగ్ ఎంచుకుంటే ఎల్‌సీకే అన్న పొడిగింపుతో ఉంటాయి. ఫైలు మూయగానే తాళం పోతుంది. కంప్యూటరు ఆగిపోయినా, కరెంటు పోయినా తాళం మిగిలిపోయి, ఎవరూ తెరవని ఫైలును ఎవరో వాడుతున్నారని చెబుతుంది.

అటువంటప్పుడు తాళం ఫైలును వెంటనే తీసేయకండి. ముందు ఆ మనిషిని అడగండి. తరువాత సర్వరులో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ జాబితాలో ఆ ఫైలు ఉందేమో చూడండి. రెండు చోట్లా లేదని తేలాకే తాళం తీయాలి. వర్డ్ "ఫలానావారు వాడుతున్నారు" అని చూపించే పేరు ఆ కంప్యూటరు ఆఫీస్ ఆప్షన్లలో రాసిన యూజరు పేరే. కంప్యూటర్లన్నీ ఒకే దుకాణంలో కొని ఒకే రకంగా ఇన్‌స్టాల్ చేయిస్తే అన్నిటిలోనూ "యూజర్" అనో "అడ్మిన్" అనో ఉంటుంది, అప్పుడా సందేశం వల్ల ఉపయోగం లేదు. ప్రతి కంప్యూటరులోనూ అక్కడ కూర్చునే మనిషి పేరు వేయండి. ఇన్‌కాపీలో కూడా యూజరు పేరు పెట్టే చోటు ఉంది.

తాళం ఈ క్షణం సంగతి చెబుతుంది, ఈ వారం సంగతి చెప్పదు. అందుకే 00-రిజిస్టరు. అధ్యాయానికో వరుస, అందులో దశ, ఎవరి దగ్గర ఉంది, ఎప్పటి నుంచి, తరువాత ఎవరికి అన్న నాలుగు గడులున్న ఒక పట్టిక చాలు. దీన్ని ఎక్సెల్ ఫైలుగా లాన్‌లో పెడితే దీనికీ ఒక తాళం పడి, రాయవలసినవారు వరుసలో నిలబడతారు, కాబట్టి గూగుల్ షీట్‌గా పెట్టి, ఆ ఫోల్డరులో దాని లింకు ఉంచండి. గోడకు అంటించిన కాగితం మీద పెన్నుతో రాసినా తప్పేమీ లేదు. ఒకే గదిలో పనిచేసే చోట అదే ఎక్కువ మంది చూస్తారు కూడా.

గూగుల్ డ్రైవ్ ప్రస్తావన వచ్చింది గనుక ఒక హెచ్చరిక. లేఅవుట్, బొమ్మల ఫోల్డర్లను గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి సింక్ సేవల్లో పెట్టి, అందరూ అక్కడి నుంచి ఇన్‌డిజైన్ ఫైళ్లు తెరవవద్దు. సింక్‌లో ఎవరి కంప్యూటరులో వారికి ఒక ప్రతి ఉంటుంది, ఒకరు పెట్టిన తాళం రెండోవారికి చేరేలోగా వారూ ఫైలు తెరిచేస్తారు, చివరికి రెండు ప్రతులు మిగులుతాయి. గుంటూరు నుంచి లెక్చరరు మేటరు పంపడానికి గూగుల్ డాక్స్ చక్కగా పనికొస్తుంది. మేటరు ఒక కొలిక్కి వచ్చాక అక్కడి నుంచి 10లోకి దించుకోండి.

ప్రెస్సుకు పంపడం

ప్రెస్సుకు ఇచ్చేరోజున ఇన్‌డిజైన్‌లో బుక్ ఫైలు నుంచి ప్యాకేజ్ తీసి, లేఅవుట్లు, లింకులు, ఫాంట్లు, పీడీఎఫ్ అన్నీ 60లో తేదీ ఉన్న ఉపఫోల్డరులో పెట్టండి. అడోబ్ ఫాంట్స్ సేవ నుంచి ఆన్‌లైన్‌లో తెచ్చుకున్న ఫాంట్లు ప్యాకేజ్‌లోకి రావు. ప్రెస్సువారు ప్లేట్ల దశలో ఏదైనా దిద్దించమంటే 30లో దిద్ది, కొత్త తేదీతో మరో ప్యాకేజ్ తీయాలి గాని 60లోని ఫైలును తాకకూడదు. పునర్ముద్రణకు ఫిజిక్స్-1-2027 అనే కొత్త ఫోల్డరును, అచ్చయిన చివరి ప్యాకేజ్ నుంచే మొదలుపెట్టండి.

బ్యాకప్

నెట్‌వర్కు ఫోల్డరులో తుడిచేసిన ఫైలు మీ కంప్యూటరు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. ఈ సంగతి చాలామందికి మొదటి నష్టం జరిగేదాకా తెలియదు. నాస్ అయితే దాని సెట్టింగుల్లో షేర్‌కు రీసైకిల్ బిన్‌ను, విండోస్ సర్వరు అయితే షాడో కాపీలను ఆన్ చేయండి. రీసైకిల్ బిన్‌తో తుడిచేసిన ఫైలునూ, షాడో కాపీలతో నిన్న మధ్యాహ్నపు ప్రతినీ వెనక్కి తెచ్చుకోవచ్చు. అయినా ఇవి రెండూ అదే పెట్టెలో ఉంటాయి కాబట్టి వీటిని బ్యాకప్ అని పిలవకూడదు.

మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే చోట అన్నది పాత సూత్రం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద అజిత్‌సింగ్ నగర్ వైపు ఇళ్లనూ దుకాణాలనూ ముంచినప్పుడు, నేల అంతస్తులో సర్వరూ దాని పక్కన టేబుల్ మీద బ్యాకప్ డిస్కూ పెట్టుకునే ఏర్పాటుకు అర్థం లేదని ఎవరికైనా తెలిసివచ్చి ఉండాలి. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొని, వారానికొకటి చొప్పున మార్చి, ఒకటి ఎప్పుడూ మేనేజరు ఇంట్లోనో గుంటూరు శాఖలోనో ఉండేలా చూడండి. బ్యాకప్ అయిపోగానే డిస్కును విప్పేయాలి. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన కంప్యూటరు తనకు రాసే హక్కు ఉన్న షేర్లన్నిటినీ పాడుచేస్తుంది, సర్వరుదాకా వచ్చిందంటే దానికి తగిలించి ఉన్న డిస్కునూ వదలదు. నెలకోసారి ఏదో ఒక అధ్యాయాన్ని బ్యాకప్ నుంచి తీసి, బొమ్మలతో సహా తెరుచుకుంటున్నదో లేదో చూడండి.

పాత ఫోల్డర్ల నుంచి కొత్తవాటికి

నడుస్తున్న పుస్తకాలను ఒక్కసారిగా మార్చకండి, కాలేజీలు తెరిచే ముందు ప్రెస్సుల దగ్గర క్యూ ఉండే రోజుల్లో అసలే వద్దు. కొత్తగా మొదలయ్యే ఒక పుస్తకాన్ని ఈ అమరికలో పెట్టి అచ్చుదాకా నడపండి. సగంలో ఉన్న పుస్తకాన్ని తప్పక మార్చవలసి వస్తే, అందరూ ఫైళ్లు మూసేసిన సమయంలో, మొదట బొమ్మలు, తరువాత అధ్యాయాలు, చివర బుక్ ఫైలు అన్న క్రమంలో కాపీ చేయండి. ఇన్‌డిజైన్ లింక్స్ ప్యానెల్‌లోని రీలింక్ టు ఫోల్డర్‌తో ఒక్కో అధ్యాయం బొమ్మలను కొత్త చోటుకు కలిపి, బుక్ ప్యానెల్‌లో రీప్లేస్ డాక్యుమెంట్‌తో అధ్యాయాలను మార్చండి. పాత ఫోల్డరును తుడిచేయక, చదివే అనుమతి మాత్రమే మిగిల్చి ఒక పుస్తకం కాలం ఉంచండి. ఎవరైనా పాత చోట సేవ్ చేయబోతే సాఫ్ట్‌వేరే ఆపుతుంది.

అనుమతులు, కొత్త యూజర్లు, బ్యాకప్ చూసుకునే బాధ్యత ఒకే మనిషికి అప్పగించండి, ఆ మనిషి సెలవులో ఉన్నప్పుడు చూసే రెండో పేరు కూడా రిజిస్టరు పైన రాసి ఉంచండి. మొదటి నెల పూర్తయ్యాక సిబ్బంది డెస్క్‌టాప్‌ల మీద, పెన్‌డ్రైవుల్లో మిగిలిన పుస్తకపు ఫైళ్లను ఒకసారి లెక్క చూడండి. ఒకే రకం ఫైళ్లు ముగ్గురి దగ్గర కనిపించాయంటే, వారిని మందలించే ముందు పటంలో వాటికి చోటు ఉందో లేదో చూసి, లేకపోతే 25 అనో 55 అనో ఒక ఫోల్డరు చేర్చండి.